చుక్కి మోసిన పెట్టెలు

కొండకింద ఇల్లు,
ధర్మపురి, తమిళనాడు.
ఆడి నెల మూడో తేదీ.

చిరంజీవి మాదేశ్వరికి మీ నాయన నరసప్ప దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ అమ్మ, రెండు ఆవులు, పదకొండు మేకలు అందరమూ బాగున్నాం. అక్కడ నువ్వు, అల్లుడు సెల్వం, పాప మోనిషా బాగున్నారని నీ ఉత్తరంలో చూశాను. క్షేమాలు అయిపోయాయి. ఇప్పుడు పద్నాలుగేళ్ళుగా నా గొంతులో ఇరుక్కున్న మాట ఒకటి అడుగుతాను.

నీ పెళ్ళప్పుడు మీ అత్తగారి వాళ్ళకు మా నాయన ట్రాన్స్‌పోర్ట్ చేస్తాడని ఎందుకు చెప్పావు?

నాకు ఆ మాట తెలియదు. పందిట్లో మీ మామ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వక్క నోట్లో వేసుకుని అడిగాడు.

"ఏమి సమ్మందీ, మీకు మొత్తం ఎన్ని బండ్లు నడస్తా ఉండాయి?"

"రెండు" అన్నాను. ఆ రోజుకు నా దగ్గర మిగిలింది రెండు గాడిదలే.

"లారీలా, టెంపోలా?"

నేను నోరు తెరిచాను. పీటల మీద నుంచి నువ్వు నా వైపు చూశావు. ఆ చూపు చూసి తెరిచిన నోరు మూసుకున్నాను. "చిన్నవేలే" అన్నాను. "చిన్నవైతేనే మేలు, డీజిల్ మిగలతాది" అన్నాడాయన. వెనక నిలబడ్డ, నాతో గాడిదలు తోలే అంజప్ప నవ్వు ఆపుకోలేక పందిరి బయటికి పోయి దగ్గినట్టు నటించాడు. నేను నవ్వలేదు. ఇప్పటికీ నవ్వలేదు. ఆ గాడిదలు మోసిన మూటలతోనే నువ్వు చదివావు. వాటి పేరు చెప్పడానికి నీకు నోరు రాలేదు.

నా జన్మలో నేను నోరు మూసుకున్నది రెండేసార్లు. ఒకటి ఆ రోజు. ఇంకొకటి దానికి పదమూడేళ్ళు ముందు. ఆ రెండోది కూడా ఈ ఉత్తరంలోనే రాస్తాను. కానీ ముందు చేతికి ఊపు రావాలి, అందుకని నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్తూ పోతాను.

ఫోన్ చేయొచ్చు కదా, ఈ ఉత్తరాలెందుకు అని అల్లుడు నవ్వాడని రాశావు. ఫోన్లో నువ్వు చెప్పేది నాకు వినపడదు, నేను చెప్పేది వీధంతా వినపడుతుంది. ఇది వీధి వినాల్సిన సంగతి కాదు. పైగా నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు మీ అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది తమిళం కాదే, నీ కూతురు ఏమి రాసి పంపించిందో చూడు" అని నా ఒళ్ళో పడేసింది. చూస్తే తెలుగు. మన ఇళ్ళలో మాట తెలుగు, రాత తమిళం. ఈ ఊళ్ళో తెలుగు రాసేవాణ్ణి నేనొక్కణ్ణే, నేనూ బళ్ళో నేర్చుకోలేదు. ఆంధ్రా నుంచి వచ్చే మిరపకాయల గోనెల మీద అచ్చు చూసి, ఏ మూట ఎవరిదో పోల్చుకోవడానికి నేర్చుకున్నాను. నువ్వు హిందూపురం పోయి, కంపెనీ బస్సు కిటికీలోంచి అంగళ్ళ బోర్డులు చూసి నేర్చుకున్నానన్నావు. నీకూ బడి లేదు, నాకూ బడి లేదు. ఆ రోజు మీ అమ్మ రెండుసార్లు పిలిచినా ఆ ఉత్తరం వదిలి అన్నానికి లేవలేదు.

మీ అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. నూనె రాసుకో, ఎక్కువ నడవొద్దు అని డాక్టరమ్మ చెప్పింది. మీ అమ్మ నూనె రాయడం మానింది, నడవడం మానలేదు. ఎర్రావు ఈనిందా అని అడిగావు. ఈనింది, కోడెదూడ. మీ అమ్మకు పెయ్యదూడ కావాలని ఉండింది, రెండు రోజులు దాని ముఖం చూడలేదు. మూడో రోజు నుంచి నాకు కాఫీ పెట్టడం మరిచిపోయి దాని దగ్గరే కూర్చుంటోంది.

ఊళ్ళో ఏమనుకుంటున్నారని అడిగావు. నీతో కలిపి నలుగురు ఆడవాళ్ళు నాలుగు మోటారు బండ్లేసుకుని, చిక్కమగళూరు వైపు మట్టిదారుల్లో తిరిగి, గుడారంలో పడుకుంటారంటే ఏమనుకుంటారు, నోటికి వచ్చింది అనుకుంటారు. అంజప్ప నా మొహం మీదే అన్నాడు.

"అన్నా, ఇంట్లో మంచం ఉండంగా అడివిలో పండుకునేది ఏమి సుఖమన్నా?"

"మనం ముప్పై ఏండ్లు పండుకున్నాం కదరా, అప్పుడు నువ్వు ఎవరినీ అడగలేదే."

"మనకు పొట్ట కోసరం అన్నా."

"దానికి పొట్ట నిండినాక పోతా ఉంది. దాంట్లో తప్పు ఏముంది?"

వాడు ఆలోచించి, "అదీ నిజమే, తినేసి పోవడం మేలే" అన్నాడు. ఊరి సంగతి ఇంతే. అల్లుడు ఆ నాలుగు రోజులు వంట చేసి పాపను బడికి పంపుతానన్నాడని రాశావు. చేయనీ. చేతులు కాలవు.

ఇక నీ పెద్ద ప్రశ్న. నీ ఉత్తరం చివర ఇలా రాశావు: "నాయనా, రాళ్ళదారిలో బండి మీద గుడారం, పొయ్యి, బట్టలు మోసుకుని పోవాలి. రెండు పక్కలా అల్యూమినియం పెట్టెలు తగిలించుకోవాలా, గుడ్డ సంచులు వేసుకోవాలా? నా మనసు పెట్టెల మీదే ఉంది, వాన దిగదు, తాళం ఉంటుంది. ఆగస్టు అయిదున అంగడివాడికి చెప్పేస్తాను. కానీ నువ్వు ఇన్నేళ్ళు కొండకు మూటలు చేర్చినవాడివి, నువ్వేమంటావు?"

ఆ ముక్క ఎన్నిసార్లు చదివానో చెప్పను. నీ చదువు, నీ ఉద్యోగం, నీ పెళ్ళి, ఈ బండి, అన్నీ అయిపోయాక నాకు తెలిశాయి. ఇదొక్కటి అవ్వకముందు అడిగావు. ఇరవై ఏడేళ్ళలో నువ్వు నన్ను అడిగిన మొదటి సలహా ఇది. ఎందుకు ఇరవై ఏడు అంటున్నానో నీకు తెలుసు.

ఊహించి చెప్పడం నాకు చేతకాదు. పోయిన ఆదివారం పొద్దున్నే అంజప్ప టీకొట్టుకు పోయి కూర్చున్నాను. వత్తల్‌మలై కొండ మీదికి తారురోడ్డు పడి, మా గాడిదలకు పని పోయాక, వాడు రోడ్డు కొండెక్కే మొదటి మలుపులో టీకొట్టు పెట్టుకున్నాడు కదా. ఆదివారమైతే హోసూరు నుంచి, బెంగుళూరు నుంచి నీ బండి లాంటి పెద్ద బండ్లు పైకి పోతూ అక్కడ ఆగుతాయి. ఆ రోజు ఎనిమిది వచ్చాయి. అయిదింటికి సంచులు, మూడింటికి పెట్టెలు. నేను ఒక్కొక్కదాన్ని కింద చెయ్యి పెట్టి ఎత్తి చూశాను. పెట్టెల బండి మనిషి ఒకాయన పరుగున వచ్చాడు. హోసూరు మనిషి, పేరు మాధవన్, నలభై ఏళ్ళుంటాయి. తమిళంలో మొదలుపెట్టి, నేనూ అంజప్పా మాట్లాడుకునేది విని తెలుగులోకి వచ్చాడు. వాళ్ళ ఇంట్లోనూ తెలుగేనట.

"ఏమి తాతా చూస్తా ఉండారు?"

"బరువు చూస్తా ఉండా. లోపల ఏముంది?"

"బట్టలు, పొయ్యి, రెండు గిన్నెలు. సగం ఖాళీనే తాతా."

"ఖాళీని మోసేదానికి ఇనుము ఎందుకు నాయనా?"

"ఇనుము కాదు తాతా, అల్యూమినియం."

"తగిలితే తేడా తెలస్తాదా?"

అంజప్ప టీ వడపోస్తూ, "ఆయన మాటలు పట్టుకోవద్దు సార్, ఈ కొండమీద పెట్టె అనే మాటే ఆయనకు పడదు" అన్నాడు. నేను వాడి వైపు ఒక చూపు చూశాను. వాడు టీ వైపు తిరిగాడు.

మాధవన్ మంచివాడు. పెట్టెల గొప్పలు కూడా చెప్పాడు. తారురోడ్డు మీద దూరం పోయేవాడికి వాటిని మించింది లేదట. తాళం వేసి హోటల్లో తినొచ్చు, దింపి మీద కూర్చోవచ్చు. నేను కాదనలేదు. నీది తారురోడ్డు కాదు. నేను అతన్ని ఒకటే అడిగాను. "బండెక్కు. రెండు కాళ్ళూ కింద పెట్టి, బురదలో తోసుకున్నట్టు ముందుకు తొయ్యి."

అతను నవ్వుతూ ఎక్కాడు. రెండు అడుగులు తోశాడు. మూడో అడుగుకు పెట్టె అంచు వెనక నుంచి పిక్కకు టక్కున తగిలింది.

"తగిలిందా?"

"ఎప్పుడూ తగలతాది తాతా. బూటు ఉంది కదా."

"కాలు కింద పెట్టినప్పుడే బండి ఒరిగితే?"

అతను బండి దిగి వచ్చాడు. టీ గ్లాసు చేతిలో తిప్పుకుంటూ, "మాతో వచ్చే మనిషి ఒకాయన ఈ సారి రాలేదు. కాలి కట్టు విప్పేదానికి ఇంకా మూడు వారాలు" అన్నాడు.

చలికాలంలో నొప్పి పెట్టే నా కుడికాలు ఆ ఎండలోనే నొప్పి పెట్టింది.

కాబట్టి నా మాట విను. గుడ్డ సంచులే. అవి కొత్త సంగతి కాదు, మన కంటలమే. గాడిద వీపు మీద అడ్డంగా వేస్తే రెండు పక్కలా వేలాడే జంట సంచిని మా నాయన అలా అనేవాడు. చిన్నప్పుడు నువ్వు దాంట్లో ఒక పక్కన కూర్చుని, ఇంకో పక్కన నీ బరువుకు ఉప్పు పెట్టించుకుని కొండెక్కావు, గుర్తుండాలి.

చిన్న సంచులు తీసుకో. పెద్దవి తెస్తే అవి నిండేదాకా నీకు నిద్ర పట్టదు. నీళ్ళు, పొయ్యి, పనిముట్లు, బరువైనవన్నీ కింద, ముందుకు, నీ తొడకు దగ్గరగా పెట్టు. బట్టలు పైన. వెనక కొసన బరువు వేస్తే గాడిదకు ముందుకాళ్ళు నేలకు ఆనవు, బండికి ముందు చక్రం ఆనదు, రెండూ ఒకటే. రెండు పక్కలా సమానం కావాలి. దానికి తూకం అక్కర్లేదు. కళ్ళు మూసుకుని రెండు చేతులతో రెండు సంచులూ ఎత్తు, చేతికి తెలుస్తుంది. కళ్ళు తెరిచి ఎత్తితే పెద్దగా కనిపించేదే బరువు అనిపిస్తుంది. గుడారం నిలువుగా పొడుచుకు వచ్చేలా కట్టవద్దు, అడ్డంగా పైన పడుకోబెట్టు. వానకోటు అన్నిటికన్నా పైన. వాన వచ్చాక వెతికే వానకోటు ఎందుకూ పనికిరాదు.

నీళ్ళు దిగని గుడ్డ అని అమ్మేవాడు చెప్తాడు. నమ్మవద్దు. ఎరువుల మూటల్లో లోపల ప్లాస్టిక్ సంచి ఉంటుంది చూడు, అలాంటిది లోపల వేసి, మెడ మెలిపెట్టి, మడిచి కట్టు. మేము ఉప్పునే అలా కొండకు చేర్చాం. కొక్కేలున్న రబ్బరు తాళ్ళు వద్దు. అంజప్ప ఎడమ కనుబొమ్మ మీద మచ్చ పులి గీరిందని నీకు చెప్పేవాడు కదా, అది కొక్కెం. సాగని పట్టీలు, బిగించే బిళ్ళలున్నవి వాడు. మిగిలిన కొసలు లోపలికి దోపు, చక్రంలో పడితే బండి ఆగదు, నువ్వు ఆగుతావు. బయలుదేరిన పావుగంటకు దిగి మళ్ళీ బిగించు. ఏ మూటైనా మొదటి మలుపుల్లో కిందికి సర్దుకుంటుంది. ఇది నాకు మా నాయన కొట్టి నేర్పాడు, నీకు రాసి నేర్పుతున్నాను.

చెప్పడంతో ఆగలేదు నేను. పాత లారీ టార్పాలిన్ తెచ్చి, దబ్బనం పట్టి, నీకోసం ఒక కంటలం కుట్టాను. చూపు ఆనడం లేదని మీ అమ్మ దారం ఎక్కించింది. అది ఎవరికని అడగకుండానే రెండు పక్కలా నీ పేరు మొదటి అక్షరం ఎర్రదారంతో వెయ్యమంది. కుట్టిన తర్వాత పరీక్ష చేయకుండా పంపేవాణ్ణి కాదు. అంజప్ప మోపెడ్ మీద దాన్ని వేసి, ఒక్కో పక్కన పది కిలోల రాగులు పోసి, నేను వెనక కూర్చుని, మా పాత గాడిదల బాటలో పైకి పోయాం. ఈ సంగతి మీ అమ్మకు తెలియదు. చొక్కా కంపకు చిరిగిందని చెప్పాను.

రెండో వంపు దగ్గర చక్రం కింద రాయి జారింది. మోపెడ్ ఒరిగింది. నా కుడికాలు సంచి కింద పడింది. సంచి దానిమీద మెత్తగా కూర్చుంది, అంతే. లాక్కుంటే కాలు వచ్చేసింది. ఒక్క రాగి గింజ రాలలేదు. అంజప్ప ముందు మోపెడ్‌ను లేపి, అద్దం చూసి, తర్వాత నా వైపు చూశాడు. నేను లేవకుండా అక్కడే కూర్చుని ఉన్నాను. వాడు భయపడ్డాడు.

"ఏమన్నా, యాడన్నా తగిలిందా?"

"లేదురా. అదే."

"అదే అంటే?"

"తగల్లేదు. అదే చెప్తా ఉండా. ఇంత సులువుగా వచ్చేసింది కాలు."

వాడు మోపెడ్‌ను బండకు ఆనించి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అదే బాట, నా కాలు విరిగిన బండ అక్కడికి కొంచెం పైన. వాడికి ఆ సంగతి తెలుసు. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు. "ఇప్పుడైనా మాదేశ్వరికి చెప్పెయ్ అన్నా" అన్నాడు. "చుక్కి పావం."

ఇప్పుడు చెప్తాను.

నీకు పదేళ్ళప్పుడు నా కాలు విరిగింది. మన గాడిద చుక్కికి పిచ్చెక్కి నన్ను బండకేసి తోసిందని ఇంటికి వచ్చి చెప్పాను. ఊరంతా నమ్మింది, నువ్వు నమ్మలేదు. దాని నుదుటి మీద తెల్ల చుక్క చూసి పేరు పెట్టింది నువ్వు. దానికి రోజూ నీ రొట్టెలో సగం పెట్టింది నువ్వు. "చుక్కి తొయ్యదు నాయనా" అన్నావు. "గాడిద సంగతి నాకు తెలీదా, నీకు తెలుసునా?" అని అందరి ముందూ అరిచాను. కట్టు విప్పకముందే దాన్ని మారండహళ్ళిలో కూరగాయలు మోయించేవాడికి ఇచ్చేశాను. నువ్వు రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు తిన్నావు, కానీ ఆ రోజు నుంచి ఏ పనికీ నన్ను సలహా అడగలేదు. అదీ ఇరవై ఏడేళ్ళు.

చుక్కి తొయ్యలేదు. నువ్వు చెప్పిందే నిజం.

ఆ సంవత్సరం వానకు పైన రేషన్ షాపు బియ్యం రెండుసార్లు తడిసింది. నా మూట తడిసిందని నలుగురిలో మాట పడ్డాను. నా తల తిక్క నీకు తెలుసు. ధర్మపురిలో ఒక కొలిమివాడి దగ్గర రెండు ఇనుప పెట్టెలు చేయించాను, మూతలు, గొళ్ళేలు, తాళాలు. ఈ కొండకు నా సరుకే పొడిగా చేరాలి, అందరూ చూడాలి. అవి చుక్కికి కట్టిన రోజు మిగతావాళ్ళు, బీరువా మోసే గాడిద వచ్చిందని నవ్వారు. అంజప్ప నవ్వలేదు. "అన్నా, దారి సన్నం, పెట్టె మూల చూడు" అన్నాడు. నీకు అసూయరా అన్నాను.

మూడో ప్రయాణం. దిగుతున్నాం. బండకూ లోయకూ మధ్య దారి సన్నబడే చోట నేను ఎప్పటిలాగే బండవైపు, దాని డొక్కను ఆనుకుని నడుస్తున్నాను. కంటలం ఉంటే అలాగే నడవాలి. గాడిద మన మీదికి ఒరిగినా సంచి నలిగి చోటిస్తుంది. పెట్టె చోటివ్వదు. అది నేను ఆలోచించలేదు. చిన్నప్పటి నుంచి సంచి పక్కన నడిచిన కాళ్ళు పెట్టె పక్కన కూడా అలాగే నడిచాయి. చుక్కి వెనక్కాలు జారింది. లోయవైపు ఒరిగితే పెట్టె బరువుకు అది పోయేది, తాడు చేతికి చుట్టుకున్న నేనూ పోయేవాణ్ణి. అది బండవైపు ఒరిగింది. పెట్టె మూలకూ బండకూ మధ్య నా ఎముక ఉంది. చప్పుడు అంజప్పకు వినపడింది. ఆ గాడిద అలాగే కదలకుండా, అంజప్ప వచ్చి పెట్టె విప్పేదాకా నిలబడింది. ఒక్క అడుగు వేసి ఉంటే నాకు కాలు ఉండేది కాదు.

ఇంటికి మోసుకొచ్చాక ఏమైందని అడిగారు. నా పెట్టె అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. గాడిద అన్నాను. అది మాట్లాడదు కదా.

ఇంకొకటి ఉంది, అది రాయడం దీనికన్నా కష్టంగా ఉంది. ఆ రెండు పెట్టెల్లో ఒకదాన్ని అమ్మేశాను. రెండోది కడిగి, నీలం రంగు వేయించి, పుస్తకాలు పెట్టుకోమని నీకు ఇచ్చాను. చుక్కి పోయిందని ఏడుస్తున్నావు కాబట్టి. నీకోసం కొన్నానని చెప్పాను. నువ్వు దాన్ని హిందూపురం దాకా తీసుకుపోయావు. ఇప్పుడు మంచం కింద దాంట్లో బండి పనిముట్లు పెట్టుకున్నానని రాశావు. దాని ఒక మూల లోపలికి నొక్కుకుని ఉంటుంది. నువ్వే కింద పడేశావని మీ అమ్మ నిన్ను అప్పట్లో తిట్టింది, నేను పక్కనే ఉండి వింటూ కూర్చున్నాను. అది బండకు నొక్కుకున్నది. నువ్వు పడేయలేదు.

చుక్కి గురించి నీకు తెలియనిది ఇంకొంచెం ఉంది. కర్ర లేకుండా నడవగలిగాక ఒక రోజు రొట్టెలు గుడ్డలో కట్టుకుని బస్సెక్కి మారండహళ్ళి పోయాను. పొలం గట్టున టమాటా బుట్టల పక్కన నిలబడి ఉంది. ఒళ్ళు బాగా ఉంది, వీపు మీద పుండు లేదు, అతను మంచిగానే చూసుకున్నాడు. నన్ను చూసి ముఖం అటు తిప్పుకుంది. రొట్టె మాత్రం తింది, రెండూ తింది. తిన్నాక కూడా నా వైపు చూడలేదు. సంవత్సరానికి ఒకసారి పోయేవాణ్ణి. తొమ్మిదేళ్ళు బతికింది. మీ అమ్మకు మేకల సంతకు పోతున్నానని చెప్పేవాణ్ణి. ఏ సంవత్సరమూ మేక తేలేదు, మీ అమ్మ ఏ సంవత్సరమూ ఎందుకు తేలేదని అడగలేదు. రొట్టెలు మాత్రం రెండు ఎక్కువ చేసేది. ఇప్పుడు రాస్తుంటే నాకు అర్థమవుతోంది.

రాసేశాను. చెయ్యి నొప్పి పుట్టింది గానీ గుండె తేలిగ్గా ఉంది. బయట మీ అమ్మ కోడెదూడతో ఏదో మాట్లాడుతోంది. మబ్బు పట్టింది. పడితే సామలకు మంచిది.

నువ్వు పెట్టెలే కొంటానంటే కొనుక్కో. నీ బండి, నీ కాలు. నువ్వు నా కూతురివి, చెప్పింది వింటావని నాకు పెద్ద ఆశ లేదు. కానీ కొనేముందు మంచం కింద ఆ నీలం పెట్టె లాగి, నొక్కుకున్న ఆ మూలను ఒకసారి చేత్తో తడిమి చూడు. తర్వాత కొను.

సంచులే అయితే, కుట్టినదాన్ని నీ బండికి సరిచేయడానికి నాకు కొలతలు రాసి పంపు. సీటు వెనక వెడల్పు ఎంత, సీటు నుంచి సైలెన్సర్ దాకా ఎంత, సైలెన్సర్ ఏ పక్కన. ఆ పక్కన సంచి పొట్టిగా, దళసరిగా కుట్టాలి, లేకపోతే గుడ్డ కాలుతుంది. గాడిదకు ఆ బాధ లేదు.

మీ మామకు నేను లారీల సంగతి ఇంకా చెప్పలేదు. మొన్న పండక్కి కూడా అడిగాడు, బండ్లు ఎలా ఉన్నాయని. వయసైపోయింది, ఆపేశానన్నాను. ఇంక నా వల్ల కాదు. నువ్వు నన్ను లారీలవాణ్ణి చేశావు, నేను చుక్కిని పిచ్చిదాన్ని చేశాను. నాది పెద్దది, ఒప్పుకుంటాను. కానీ నీది కూడా ఉంది. నీది నువ్వు నీ నోటితో మీ మామకు చెప్పు, నాది నేను నీకు చెప్పాను. పాప మోనిషాకు కూడా చెప్పు, తాత గాడిదలు తోలేవాడని, వాటిలో ఒకదాని పేరు చుక్కి అని, అది తాత ప్రాణం కాపాడిందని. ఈ ముక్క ఈ వరుసలోనే చెప్పు.

ఆడి పద్దెనిమిది పండక్కి, అంటే ఆగస్టు మూడున, మీ అమ్మ పెరుగన్నం కట్టుకుని ఏటికి పోదామంటోంది. ఆ రోజు పొద్దున నేను ఇంట్లోంచి కదిలేలోపు నీ జవాబు నా చేతిలో ఉండాలి. కొలతలు ఒక కాగితం మీద, చుక్కి సంగతికి నువ్వు ఏమంటావో ఇంకో కాగితం మీద. తిట్టాలనిపిస్తే తిట్టు, నేను చదువుకుంటాను. జవాబు రాకపోతే మర్నాడే బస్సెక్కి హిందూపురం వస్తాను, కంటలం భుజాన వేసుకుని, నీ కంపెనీ గేటు ముందు నిలబడి, గాడిదల మనిషి నరసప్ప కూతురా అని నీ పేరు పెట్టి పిలుస్తాను. నా గొంతు నీకు తెలుసు.

ఇట్లు,
నీ నాయన,
గాడిదల నరసప్ప.